బావని దింపి రావడానికి ఎలమంచిలి దాకా

నేను ప్రయాణాలు చేసినవాణ్ణి కాను. మల్కాపురంలో పుట్టాను, మల్కాపురంలోనే పెళ్లాడాను, పెళ్లయ్యాక కొత్తజంట యాత్రకి అత్తారింటికి వెళ్లాను. అత్తారిల్లు మా వీధి చివర. దారిలో చెప్పు తెగితే ఇంటికి తిరిగొచ్చి వేరే జత వేసుకుని మళ్లీ బయల్దేరాను. ఆ యాత్రలో జరిగిన పెద్ద ప్రమాదం అదే. చదువు కూడా నన్ను అంతే దూరం తీసుకెళ్లింది. ఏడో తరగతిలో దింపేసి, మిగతా దారి నడిచి వెళ్లమంది. ఇలాంటివాడు ప్రయాణం గురించి రాస్తే నవ్వుతారని తెలుసు. అయినా రాస్తున్నాను. ఈ దారిలో మీలో కొందరు వెళ్లాల్సి రావచ్చు. రాకూడదనే నా కోరిక. వస్తే మాత్రం ఏ బండి ఎక్కాలో, ఎక్కడ టీ తాగకూడదో తెలిసి ఉండడం మంచిది.

నేను ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఇంజన్లు బాగుచేస్తాను. గంగరాజు నా చెల్లెలు రత్నం మొగుడు, నాకు బావ, వేటకెళ్లే బోటు మీద కలాసీ. రెండేళ్ల కిందట వల లాగుతుంటే అతని కుడి భుజం పట్టేసింది. తెలిసినవాడు ఒకడు నొప్పి ఇంజెక్షన్ చేశాడు. సాయంత్రానికి భుజం తేలికైంది, మర్నాడు మళ్లీ వల లాగాడు, మళ్లీ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. కొన్నాళ్లకి భుజం నొప్పి పోయింది, ఇంజెక్షన్ మాత్రం ఉండిపోయింది. ఆ మందు దొరకడం కష్టమయ్యాక పొడి వచ్చింది. బ్రౌన్ షుగర్ అంటారు, హెరాయిన్ అంటారు. మా వాళ్లు 'సరుకు' అంటారు.

ఇలాంటివి అమ్మేవాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పెట్టె పట్టుకుని, కారు దిగుతాడని నేను అనుకునేవాణ్ణి. మా దగ్గర అమ్మేవాడు చొక్కా జేబులో పెట్టుకుని టీ కొట్టు దగ్గరికి నడిచి వచ్చేవాడు. వినాయక చవితికి మా వీధిలో చందాలు వసూలు చేసేది అతనే. నలుగురికి అమ్మితే తన వంతు తనకి దొరుకుతుంది, అందుకని అమ్ముతాడు. ఆ నలుగురిలో ఒకడికి డబ్బులు చాలకపోతే వాడు ఇంకో నలుగుర్ని చూసుకుంటాడు. మా హార్బర్‌లో ఇది ఇలాగే పాకింది. పెద్ద దొంగ ఎక్కడున్నాడో నాకు తెలియదు. నేను చూసినవాళ్లంతా మా పెళ్లిళ్లలో వడ్డించినవాళ్లే.

ఇప్పుడు నా సంగతి. మా హార్బర్ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మొగాడు తాగుడు మానకపోతే పెద్దవేటకి వెళ్లే బోటు ఎక్కించేస్తారు. ఇరవై రోజులు నడిసముద్రంలో ఉంటే కొట్టూ ఉండదు, అమ్మేవాడూ ఉండడు. బావని అలా ఎక్కించమన్నది నేనే. మొన్న చలికాలంలో వెళ్లాడు. మొదటి ఐదు రోజులు వాంతులు చేసుకుంటూ వణికిపోయాడట, సముద్రంలో దూకేస్తాడేమోనని కలాసీలు వంతులేసుకుని కాపలా కాశారట. ఆ తర్వాత కుదుటపడ్డాడు. పద్దెనిమిదో రోజున దిగేసరికి బుగ్గలు వచ్చాయి, నవ్వుతున్నాడు. జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరకి నేను డాక్టర్ని అయిపోయాను. ఇద్దరు ముగ్గురు తల్లులకి ఇదే మందు రాసిచ్చాను కూడా.

బోటు దిగిన ఆ సాయంత్రమే నాలుగింటికి వలల షెడ్డు వెనక బావ పడిపోయి కనిపించాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. ఆటోలో పడేసి ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండు రోజులకి కళ్లు తెరిచాడు. ఆశకొద్దీ ఎక్కువ వేసుకున్నాడని అందరం తిట్టాం. "నానెప్పుడూ ఏసుకున్నంతే ఏసుకున్నాను" అని ఒట్టు పెట్టాడు. ఒక్కరమూ నమ్మలేదు. ఆ తర్వాత వేట నిషేధం వచ్చింది, రెండు నెలలు బోట్లు కట్టేశారు, పని లేని చెయ్యి మళ్లీ పాత దారి పట్టింది.

మా వీధి ఆశా వర్కర్ ఎలమంచిలి దాటాక ఉన్న ఒక సెంటర్ గురించి రత్నానికి చెప్పింది. అక్కడ మంచం ఖాళీ అయిన రోజు, నిషేధం తీరి బోట్లు వేటకి వెళ్లే రోజు, రెండూ ఒకటే అయ్యాయి. ఆ రోజు తప్పితే ఇంకో నెల ఆగాలి. ఆ నెల బావ ఆగుతాడో లేదో ఎవరికీ తెలియదు.

ఉదయం ఐదున్నరకి రత్నం అతన్ని బస్టాపుకి తీసుకొచ్చింది. రెండు నెలలు నిద్రపోయిన ఇంజన్లన్నీ లేపుతూ వారం నుంచి నేను నిద్రపోలేదు. కళ్లలో డీజిల్ పోసినట్టుంది. బావ చేతిలో వేటకి తీసుకెళ్లే సంచి ఉంది.

"అన్నా, దించీసి రా. మజ్జిలో ఎక్కడా దిగనివ్వకు" అంది రత్నం. బస్సు కదిలేదాకా బావ చొక్కా చెయ్యి పట్టుకునే ఉంది.

ఐదు యాభైకి గాజువాక బస్సు. నిలబడే చోటే. పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన జరిగి మాకు చోటిచ్చాడు. "ఎక్కడికి బాబూ ఇంత పొద్దున్నే?"

"ఆస్పత్రికి."

"ఏటి జబ్బు?"

బావ కిటికీలోంచి చూస్తున్నాడు. "భుజం నొప్పి" అన్నాను. అబద్ధం కాదు కదా.

"ఓస్, దానికి అంత దూరమెందుకు? మంచి ఇంజెక్షన్ ఒకటి సేయించీ. బేగి పోద్ది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బావ కూడా నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది ఆ ఒక్కసారే. పెద్దాయన తన మాటలో నవ్వాల్సిందేముందో తెలియక టోపీ సర్దుకున్నాడు.

గాజువాకలో ఆరు ఇరవై. అక్కడ టీ బాగుంటుంది, తాగండి. దువ్వాడ స్టేషన్‌కి షేర్ ఆటో మనిషికి ముప్పై. స్టేషన్లో మాత్రం టీ జోలికి పోకండి, నేను ఇంజన్లలోంచి తీసే నూనె అంతకంటే తేటగా ఉంటుంది. ఎలమంచిలి వైపు వెళ్లే పాసింజరు ఏడుంబావుకి రావాలి. ఎనిమిదికి వస్తుందన్నారు. ఈపాటికి బావకి ఆవలింతల మీద ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు. చూసేవాళ్లకి జలుబు అనిపిస్తుంది. అది జలుబు కాదు. ఎముకల్లో ఎవరో మరలు తిప్పుతున్నట్టు ఉంటుందని అతను ఒకసారి చెప్పాడు. నేను మెకానిక్‌ని కాబట్టి నాకు తెలిసే మాటలో చెప్పి ఉంటాడు.

బల్ల మీద మా పక్కన ఒకాయన పేపరు చదువుతున్నాడు. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాడట. సరుకు పట్టుకున్నారన్న వార్త చూపించి, "ఈ గోలంతా పోర్టు వైపేనండి. మా క్వార్టర్సుల్లో ఇలాంటివి లేవు" అన్నాడు.

"మేమూ అలాగే విన్నామండి" అన్నాను.

"మీదెక్కడ?"

"పోర్టు వైపే."

ఆయన పేపరు మడిచి, బల్ల మీద జానెడు దూరం జరిగాడు. మాకు కాళ్లు చాపుకోవడానికి వీలైంది.

ఎనిమిది పదికి బండి వచ్చింది. టికెట్టు ఇరవై. లోపల చోటు లేక తలుపు దగ్గర, గంపల మధ్య కూర్చున్నాం. మా ఎదురుగా ఒక ముసలామె ఎండుచేపల గంప మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. హార్బర్ పక్క పేటలో ఉంటుంది, విశాఖపట్నంలోనే ఎక్కి, ఎలమంచిలిలో అమ్ముకోవడానికి వెళ్తోంది. అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే కుర్రాడొకడు ఫోన్లో ఏదో చూస్తూ పక్కవాడితో, "ఈ పౌడరంతా స్టీల్ ప్లాంట్ సైడ్ బ్రో. మన కంపెనీల్లో డ్యూటీకే టైం సరిపోదు, ఇంక దానికెక్కడ?" అంటున్నాడు. క్వార్టర్సు పెద్దాయన వింటే బాగుండేది.

తాడి స్టేషన్ దాటాక బావ ఫోన్ మోగింది. బండి చప్పుడుకి వినిపించక స్పీకర్ పెట్టాడు. బోటు నడిపే ఎర్రయ్య.

"ఒరే గంగరాజు, ఎక్కడున్నావురా? ఐస్ ఎక్కించీసినాం. కొబ్బరికాయ కొట్టీసినాం. సాయంత్రం ఐదుకి తాడు ఇప్పీత్తాం. నీ చోటు అట్టే ఉంచినాను."

బావ ఫోన్ చేత్తో మూశాడు. "బావా, అనకాపల్లిలో దిగిపోదాం."

"నేదు బావా."

"ఏటి నేదు? సంద్రంలో ఎవుడూ అమ్మడని నువ్వే కదా సెప్పినావు. ఈపాలి పద్దెనిమిది కాదు, నెల్రోజులు ఒడ్డు సూడను. నా బోటు మీద నాను పడుంటాను. ఎవులో తెలీనోళ్ల ఇంట్లో నన్ను తాళమేసి ఉంచుతావా?"

నా దగ్గర ఎప్పుడూ వంద జోకులు సిద్ధంగా ఉంటాయి. ఆ తలుపు దగ్గర ఒక్కటీ అందలేదు. "అప్పుడు నాను తప్పు సెప్పినాను బావా" అన్నాను.

"తప్పేటి? ఎలాగ తప్పు? అది సెప్పు, దిగను."

చెప్పలేకపోయాను. తప్పయిందని తెలుసు, ఎందుకయిందో తెలియదు. పద్దెనిమిది రోజులు ముట్టుకోనివాడు, బలంగా తిరిగొచ్చినవాడు, ఆ రోజే ఎందుకు పడిపోవాలి? బండి అనకాపల్లిలో ఆగింది. జనం దిగుతున్నారు. బావ సంచి భుజాన వేసుకుని లేచాడు. నేను అతని చొక్కా పట్టుకున్నాను. రత్నం పట్టుకున్న చొక్కాయే, కానీ నా పట్టులో అంత బలం లేదు.

అప్పుడు ఎండుచేపల ముసలామె మాట్లాడింది. బావ వైపు కాదు, గంప మీది గోనె సర్దుకుంటూ.

"నాను కూడా ఎక్కించినాను బాబూ, నా సిన్నోడ్ని. ఇరవై రోజులు. బొద్దుగా అయ్యి వొచ్చినాడు. వంజరం పులుసు ఎట్టినాను. తిని, బీడీలు తెచ్చుకుంతానని ఎల్లినాడు. మరి రానేదు."

బావ నిలబడ్డచోటే నిలబడ్డాడు. వెనక దిగేవాళ్లు తోస్తున్నారు. "ఎంత ఏసుకున్నాడు మామ్మా?" అన్నాడు.

"ఎప్పుడూ ఏసుకున్నంతేనని ఆడి సావాసగాడు సెప్పినాడు. ఆడి ముందరే కొలిసి ఏసుకున్నాడంట. నాను నమ్మనేదు. ఇప్పటికీ ఆణ్ణి తిడతానే ఉన్నాను."

బావ నా వైపు తిరిగాడు. అతని కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు కారుతున్నాయి. అందులో ఏది జబ్బుదో ఏది ఏడుపుదో నాకు తెలియలేదు.

"నాను సెప్పినాను కదా బావా" అన్నాడు. "అంతేనని సెప్పినాను కదా."

"సెప్పినావు" అన్నాను.

బండి కదిలింది. అతను కూర్చున్నాడు. కశింకోట దాటాక ఎర్రయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "ఎర్రన్నా, ఈ యేటకి నాను రాను. నా చోట ఇంకోడ్ని ఎక్కించీ" అన్నాడు బావ. అవతల ఎర్రయ్య తిట్లు నరసింగపల్లి దాకా వినిపించాయి. బావ ఫోన్ కట్టెయ్యకుండా అన్నీ విన్నాడు.

తొమ్మిదిన్నరకి ఎలమంచిలి. ముసలామె గంప దింపడానికి లేస్తే బావ అందుకున్నాడు. పట్టేసిన భుజంతోనే స్టేషన్ బయటిదాకా మోశాడు. ఆమె ఆటో ఎక్కుతూ గుప్పెడు ఎండునెత్తళ్లు కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చింది. డబ్బులు వద్దంది. పేరు అడుగుదామనుకునేలోపు ఆటో వెళ్లిపోయింది.

స్టేషన్ ఎదురుగా ఇడ్లీ బండి ఉంది, అల్లం పచ్చడి బాగుంది. బావ ఒక ఇడ్లీ తిని అదీ కక్కేశాడు. సెంటర్‌కి ఆటో బేరం చేసుకోవాలి, షేర్ ఆటోలు ఉండవు. అరగంట పడుతుంది. దారంతా కంపెనీల బస్సులు ఎదురొస్తాయి, దుమ్ము తినాలి. జేబురుమాలు రెండు తీసుకెళ్లండి. సెంటర్ కొబ్బరితోట పక్కన పాత బడి. గేటు దగ్గర ఫోన్, బీడీలు ఇచ్చేయాలి. ఆధార్ కార్డు నకలు అడుగుతారు, నకళ్లు తీసే కొట్టు అక్కడ లేదు, ఊళ్లోనే తీయించుకోండి. నేను తీయించుకోలేదు. ఆటో మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. ఏడో తరగతి చదువు అలాంటిచోట బయటపడుతుంది.

లోపల చూసేది సిస్టర్ కరుణ అనే నర్సు. యాభై ఏళ్లుంటాయి, గొంతు పెంచదు. బావ సంచి బల్ల మీద కుమ్మరించింది. లుంగీలు, టార్చి, ఉప్పు పట్టిన తువ్వాలు, వల అల్లే ప్లాస్టిక్ సూది. సూది పైకెత్తి చూసింది.

"అది వలకి వాడేది సిస్టర్. దానికి అలవాటు పడితే వల కుట్టడం తప్ప ఇంకేం కాదు" అన్నాను.

ఆమె నవ్వలేదు. సూదిని అలమారలో పెట్టి, "వాలీబాల్ నెట్ చిరిగిపోయి ఉంది. ఒంట్లో బాగున్న రోజు ఇస్తాను" అని బావతో అంది.

లోపలున్నవాళ్లలో బడిపంతులు ఒకాయన, లారీ డ్రైవరు, చర్చిలో పాటలు పాడే కుర్రాడు, కాలేజీ పిల్లవాడు ఒకడు కనిపించారు. పక్కపక్కనే కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నారు.

రాసుకునేటప్పుడు సిస్టర్ అడిగింది. "ఇంతకుముందు మానినప్పుడు ఎలా మానాడు?"

బావ నన్ను చూశాడు. నేనే చెప్పాను, బోటు సంగతి, నా సలహా, వలల షెడ్డు, రైల్లో ముసలామె, అన్నీ. చెప్పి, పొద్దుట నేను జవాబివ్వలేకపోయిన ప్రశ్న ఆమెని అడిగాను. వేసుకుంది ఎప్పటంతే అయితే ఎందుకు పడిపోయాడు?

ఆమె కలం కింద పెట్టింది. "రోజూ వేసుకున్నప్పుడు ఒళ్లు దానికి ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. కొన్నాళ్లు మానేస్తే ఆ ఓర్పు పోతుంది. ఒళ్లు మరిచిపోతుంది గానీ చేతికి పాత కొలతే గుర్తుంటుంది. అందుకే ఒడ్డుకొచ్చిన రోజే పోతారు. మీ హార్బర్ నుంచి వచ్చిన వాళ్లలో ఇలాంటివి విన్నాను. సముద్రం మీద మాన్పించడం మీ దగ్గరే చూశాను."

"మరయితే మీదీ బోటే కదా సిస్టర్. ఇక్కణ్ణించి దిగినా అంతేగా?" ఈసారి హాస్యానికి కాదు, భయపడే అడిగాను.

"అంతే. ఇక్కణ్ణించి వెళ్లినవాడు పాత కొలత వేసుకున్నా పోతాడు. కానీ బోటు దిగినవాడికి రేపటి మాట ఎవరూ చెప్పరు. మేము చెప్పి పంపుతాం, ఆ యావ తగ్గడానికి రోజూ నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంది, అది మీ ఊళ్లో ఎక్కడిస్తారో రాసిస్తాం. దారి తప్పితే మళ్లీ తీసుకురండి, తిట్టకండి. ఎప్పుడైనా పడిపోయి కనిపిస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ, ముందు నూటెనిమిదికి ఫోన్ చెయ్యండి. ఎంత వేసుకున్నాడన్న తగువు తర్వాత."

ఇంటివాళ్లకి ఒక గంట పాఠం ఉంది. నాతోపాటు ఇద్దరు తల్లులు, ఒక భార్య కూర్చున్నారు. బడి మానేశాక నేను బెంచీ మీద కూర్చుని మొత్తం విన్న పాఠం అదొక్కటే. పడిపోయినవాణ్ణి పక్కకి తిప్పడం నా మీదే చేసి చూపించారు.

ఒంటిగంటకి బావని లోపలికి తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర ఆగి, "రత్నానికి సెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు.

ఎలమంచిలికి తిరిగొచ్చేసరికి రెండున్నర. రైలు సాయంత్రం దాకా లేదన్నారు, గాజువాక బస్సు ఎక్కాను. తిరుగు ప్రయాణంలో బస్సే నయం, కూర్చునే చోటు దొరికింది. కండక్టరు "ఒకటేనా?" అన్నాడు. అందరినీ అడిగే మాటే. రెండు టికెట్లకని తీసిన డబ్బుల్లో సగం మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

బస్సులో నిద్రపోదామనుకున్నాను, పట్టలేదు. పొద్దుట నుంచి కలిసినవాళ్లంతా గుర్తొచ్చారు. క్వార్టర్సు పెద్దాయన పోర్టుని చూపించాడు, కంపెనీ కుర్రాడు క్వార్టర్సుని చూపించాడు. నా ముందు సీటులో ఒకామె ఫోన్లో ఎవరికో, అచ్యుతాపురం వైపు పిల్లనివ్వొద్దు, అక్కడ కుర్రాళ్లు పాడైపోతున్నారని చెబుతోంది. ఈ సరుకు ఉన్న ఊరు ఏదని అడుగుతూ పోతే ప్రతి ఊరూ పక్క ఊరినే చూపిస్తుంది. ఆ పాత బడిలో ఉల్లిపాయలు కోస్తున్నవాళ్లు మాత్రం అన్ని ఊళ్ల నుంచీ ఉన్నారు. నేను చూసింది అంతే. ఇంకా పెద్ద మాటలు చెప్పాలని ఉంది గానీ, ఒళ్లంతా పచ్చడి అయిపోయింది.

గాజువాకలో దిగేసరికి నాలుగున్నర. ఇంటికి పోవాలి, పోలేదు. ఇంకో బస్సెక్కి హార్బర్‌కి వెళ్లాను. చలికాలంలో నేను బోటు మందు రాసిచ్చిన తల్లుల్లో ఇద్దరి ఇళ్లు తెలుసు. ఒకామె కొడుకు ఊళ్లోనే ఉన్నాడు, ఇద్దరికీ సెంటర్ సంగతి చెప్పాను. రెండో ఆమె కొడుకు సాయంత్రం ఐదుకే వేటకి వెళ్లిపోయాడు. ఆమెని కూర్చోబెట్టి, ఒడ్డుకొచ్చే రోజున వాణ్ణి ఒంటరిగా వదలొద్దని, బోటు రాగానే నాకు ఫోన్ చెయ్యమని, సెంటర్లో పాఠం తర్వాత ఇచ్చిన కాగితం చూపిస్తూ రెండుసార్లు చెప్పాను. ఆమె నా ముఖం చూస్తూ వింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. ఆ బోటు వచ్చే రోజు లెక్కపెట్టుకుంటున్నాను.

పది రోజుల తర్వాత, ఆదివారం, సెంటర్ నుంచి మొదటి ఫోన్ వచ్చింది. రత్నం మాట్లాడి, ఏడ్చి, నవ్వి, నాకిచ్చింది. బావ గొంతులో పాత బిగువు కొంచెం వచ్చింది. నాకు సంతోషం ఆగక, ఎప్పట్లాగే మొదలుపెట్టాను. "బావా, మంచి పని సేసినావు. ఇప్పుడు నా మాట ఇను, అక్కడ నువ్వేటి సెయ్యాలంటే..."

"నీ మాట ఒకపాలి ఇని సచ్చి బతికినాను బావా" అన్నాడు. "ఈపాలి సిస్టరమ్మ మాట ఇంతాను. నువ్వు ఫోనెట్టీ."